మహిళా ఇంజనీర్లు – మార్గదర్శకత్వం: అయ్యలసోమయాజుల లలిత ఉదంతం

విజ్ఞాన, సాంకేతిక రంగాలలోని స్త్రీలకు మార్గదర్శకత్వం అనగానే సలహా, ప్రోత్సాహం అన్న అర్థాలే స్ఫురిస్తాయి. మద్రాసులోని తెలుగు కుటుంబంలో 1919లో జన్మించిన అయ్యలసోమయాజుల లలిత జీవితాన్ని పరిశీలిస్తే ఆ అర్థం చాలదనిపిస్తుంది.

పద్దెనిమిదేళ్లకే వైధవ్యం, ఒడిలో పసిబిడ్డ. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో విద్యుత్ శాఖాచార్యులు. ఆయన కుమార్తెకు ధైర్యం చెప్పి ఊరుకోలేదు. ప్రిన్సిపాల్ చాకోను ఒప్పించి, ప్రభుత్వ విద్యాశాఖ అనుమతి సాధించి, 1940లో ప్రవేశం ఇప్పించారు. వందలాది విద్యార్థుల నడుమ ఆమె ఒంటరి కావడంతో, స్త్రీలకూ ప్రవేశం ఉందని కళాశాల ప్రకటించింది. లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్ శాఖలో చేరారు. తోటివారి తోడు కూడా మార్గదర్శకత్వంలో భాగమేనన్న సంగతి మన చర్చలలో తరచు మరుగున పడుతుంది. 1943లో ముగ్గురూ పట్టభద్రులయ్యారు. పురుషవాచక సర్వనామంతో అచ్చయిన పట్టాలను చేతితో దిద్దవలసి వచ్చిందట!

లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొందారు. తరువాత కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థలో విద్యుత్ ప్రసార మార్గాల రూపకల్పన చేశారు. భాక్రానంగల్ పనులలోనూ పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల సదస్సుకు హాజరయ్యారు.

అయితే తండ్రి పలుకుబడి తెరిచినది ఒక్క కుమార్తెకు దారి. అది బంధుత్వం మీద ఆధారపడినది. కళాశాల ప్రకటన అటువంటిది కాదు. ఆచార్యుల ఇంట పుట్టని యువతులకు కూడా అది వర్తించింది. సంస్థాగత మార్గదర్శకత్వం మొదలైనది నిజానికి అక్కడే. ఆ ప్రకటనతో చేరిన త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీర్ అయ్యారు.