డబ్ల్యూఏబీసీ: న్యూయార్క్ పాటల పెట్టె

న్యూయార్క్‌లో డబ్ల్యూఏబీసీ అంటే ఒకప్పుడు పాటలే. మీడియం వేవ్‌లో 770 కిలోహెర్ట్జ్ దాని చోటు. ముల్లు 77 దగ్గరికి తిప్పితే తగిలేది కాబట్టి ‘మ్యూజిక్‌రేడియో 77’ అన్న పేరు స్థిరపడింది. స్టేషన్ వయసు మాత్రం ఆ పేరుకంటే చాలా పెద్దది. 1921లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో డబ్ల్యూజేజెడ్ పేరుతో దీన్ని మొదలుపెట్టింది. తర్వాత చేతులు మారి ఏబీసీ నెట్‌వర్క్ సొంతమైంది. 1953లో డబ్ల్యూఏబీసీ అన్న కొత్త పేరు వచ్చింది.

రాక్ అండ్ రోల్‌ను ఇంటింటికీ చేర్చిన అలన్ ఫ్రీడ్ 1958లో ఇక్కడ చేరాడు. డబ్బు పుచ్చుకుని పాటలు వేసే ‘పయోలా’ గొడవ దేశమంతా రాజుకున్నప్పుడు, తానేమీ తీసుకోలేదని రాసి సంతకం పెట్టమంటే ససేమిరా అన్నాడు. 1959 నవంబరులో ఉద్యోగం ఊడింది. మరో ఏడాదికి, 1960 డిసెంబరులో, స్టేషన్ ‘టాప్ 40’ బాట, అంటే జనాదరణలో ముందున్న పాటలే వేసే బాట పట్టింది.

1963లో ప్రోగ్రామ్ డైరెక్టరైన రిక్ స్క్లార్ పద్ధతి ఒక్కటే: పాటలు తక్కువ, వేయడం ఎక్కువ. రికార్డుల షాపుల్లో ఏది ఎంత అమ్ముడవుతోందో వారం వారం కనుక్కుని జాబితా కట్టేవారు. నంబర్ వన్ పాట గంటకో, గంటంపావుకో మళ్లీ మోగాల్సిందే. పొద్దస్తమానం వినేవాడికి ఇది చిరాకే. కానీ కారులోనో వంటింట్లోనో కాసేపు విని కట్టేసేవాళ్లే ఎక్కువ. ఆ కాసేపట్లోనే వాళ్లకు ఇష్టమైన పాట తగలాలి. వినేవాళ్లు పెరిగితే ప్రకటన రేటూ పెరుగుతుంది.

పాటకీ పాటకీ మధ్య డల్లాస్‌లోని పామ్స్ సంస్థ కట్టిన జింగిల్స్, టైం చెప్పేటప్పుడు టింగుమనే గంట, గొంతులకు కలిపిన కాస్త ప్రతిధ్వని – పేరు చెప్పకపోయినా ఏ స్టేషనో తెలిసిపోయేది. ట్రాన్స్‌మిటర్ శక్తి 50,000 వాట్లు. మీడియం వేవ్ తరంగాలు రాత్రిళ్లు పైవాతావరణానికి తగిలి కిందికి మళ్లుతాయి కనుక ఎక్కడెక్కడి రాష్ట్రాలకో అందేది. 1964లో బీటిల్స్ జ్వరం పట్టినప్పుడు తన పేరునే ‘డబ్ల్యూ-ఎ-బీటిల్-సీ’గా మార్చి పలికింది.

1965 నవంబరు 9 సాయంత్రం మైకు ముందున్నది డాన్ ఇంగ్రామ్. ఉన్నట్టుండి పాట సాగినట్టు వినిపించింది. ఆయన దానిమీద జోకులేశాడు. అసలు సంగతి కరెంటుది. సెకనుకు 60 ఉండాల్సిన ఆవృత్తి పడిపోతుంటే, దాని లెక్కన తిరిగే మోటార్లూ మందగించాయి. కాసేపటికి నగరం చీకటైంది. ఈశాన్య అమెరికాను ముంచిన ఆ అంధకారం రాకడ శ్రోతలకు ముందుగా చెవులకే తెలిసింది.

స్టేషన్‌ను పడగొట్టింది ఎఫ్‌ఎం. గరగర లేని స్టీరియో పాటకు అలవాటుపడిన చెవికి మీడియం వేవ్ ఆనలేదు. 1978లో డబ్ల్యూకేటీయూ అనే ఎఫ్‌ఎం స్టేషన్ డిస్కో పాటలతో దిగి, కొద్ది నెలల్లోనే డబ్ల్యూఏబీసీని దాటేసింది.

1982 మే 10న ఇంగ్రామ్, రాన్ లండీ కలిసి చివరి పాటల కార్యక్రమం నడిపారు. ఆఖరి పాట జాన్ లెనన్ ‘ఇమాజిన్’. తర్వాత ఒక జింగిల్, కొన్ని క్షణాల నిశ్శబ్దం. మధ్యాహ్నం నుంచి మాటల స్టేషన్. రాజకీయ చర్చలే దాని తిండి అయ్యాయి. 1961లో చేరి ‘కజిన్ బ్రూసీ’గా పేరుపొందిన బ్రూస్ మారో మాత్రం 2020లో, 84 ఏళ్ల వయసులో, శనివారం రాత్రిళ్లు పాత పాటలు వేయడానికి అదే 77కి తిరిగొచ్చాడు.