వాతావరణ మార్పు పాఠం: కార్తెలతో మొదలుపెడదాం

ఈ పాఠం మొదలుపెట్టగానే తరగతిలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "మొన్న ఇక్కడ అంత మంచు పడింది కదా టీచర్, మరి భూమి వేడెక్కుతోందంటారేంటి?" మంచి ప్రశ్నే. చిక్కు కొంత మన మాటలోనే ఉంది. ఇంగ్లీషులో వెదర్, క్లైమేట్ అని రెండు మాటలున్నాయి. మనం వాడుకలో రెండింటినీ వాతావరణమే అంటాం. రెండోదానికి శీతోష్ణస్థితి అనే మాట ఉంది గానీ పిల్లల నోటికి అది బరువు.

అందుకని ముందు కార్తెల గురించి చెప్పండి. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే సుమారు రెండు వారాల కాలమే కార్తె. ఏడాదికి 27 కార్తెలు. మే చివర్లో రోహిణి వస్తే రోళ్లు పగిలే ఎండలు, జూన్‌లో మృగశిర వస్తే తొలకరి. ఇది రైతులు తరతరాలుగా చూసి కట్టిన లెక్క. ఆ లెక్క శీతోష్ణస్థితి. ఇవాళ కిటికీలోంచి కనబడే మంచు ఈ రోజు వాతావరణం. ఒక్క రోజు మంచుతో లెక్క మారదు. ఏళ్ల తరబడి లెక్కే తప్పుతూ పోతే అది వాతావరణ మార్పు.

కారణాలు: దుప్పటి ఉదాహరణ చెప్పండి. ఎండకు వేడెక్కిన నేల ఆ వేడిని పైకి వదులుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటి వాయువులు దాన్ని కొంత పట్టి ఉంచుతాయి. ఈ దుప్పటే లేకపోతే భూమి సుమారు 33 డిగ్రీలు చల్లగా ఉండేది. కాబట్టి దుప్పటి చెడ్డది కాదు, మందం కావడమే సమస్య. బొగ్గు, పెట్రోలు, గ్యాసు మండించడం, అడవులు నరకడం వల్ల పది లక్షల పాళ్ల గాలిలో 280 పాళ్లుండే కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. నీళ్లు నిలిచిన వరి మడుల నుంచి మీథేన్ వస్తుంది. అంటే మన అన్నం పళ్లానికీ ఇందులో వాటా ఉంది. ఆరుతడి పద్ధతిలో నీళ్లు పెడితే అది తగ్గుతుంది.

ఫలితాలు: భూమి సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైగా పెరిగింది. 1900 నుంచి సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. అలాంటి ఎండలు వేడెక్కిన భూమి మీద మరింత తరచుగా వస్తాయి. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఇళ్లను మింగుతోంది. అయితే దీనికి ఒక్కటే కారణం చెప్పకండి. నది తెచ్చే ఒండ్రు తగ్గడం, తీరంలో కట్టిన కట్టడాలు, పెరుగుతున్న సముద్రం, అన్నీ కలిశాయి.

ఒక జాగ్రత్త: "అమ్మమ్మ వాళ్ల ఊరు మునిగిపోతుందా?" అని పిల్లలు భయపడితే నవ్వి దాటేయకండి. ఊరు సముద్రానికి ఎంత దూరమో, ఎంత ఎత్తులో ఉందో వాళ్లతోనే మ్యాపులో చూపించండి. తుఫాను ముందే తెలియడం, జనాన్ని తరలించడం వల్ల ప్రాణాలు నిలుస్తున్నాయనీ చెప్పండి.

ఇంటిపని: తాతయ్యకో నానమ్మకో ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగాలి. మీ చిన్నప్పుడు తొలకరి ఎప్పుడు పడేది? వేసవిలో ఆరుబయట పడుకునేవారా? చెరువులో ఏ నెలదాకా నీళ్లుండేవి? జవాబులు తెలుగులో రాసుకొచ్చి తరగతిలో చదవాలి. ఒకరి జ్ఞాపకం రుజువు కాదు, అందుకే అందరి జవాబులూ బోర్డు మీద పక్కపక్కన రాయించండి. ఎక్కడ కలిశాయో, ఎక్కడ తేడా వచ్చిందో పిల్లలచేతే చెప్పించండి.