బజారుకు వెళ్లేముందు కూర్చోండి!

చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌లో లక్క గాజులు, పత్తర్‌గట్టీలో పెళ్లి బట్టలు, ఛత్తాబజార్‌లో శుభలేఖలు! పెళ్లి కుదిరిన జంటకు పాతబస్తీలో ఒక్కరోజు చాలదు. అయితే గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలన్నది యేసుప్రభువు బోధ (లూకా 14:28). కాబోయే దంపతులు కలిసి చేయవలసిన మొదటి పని అదే. నిప్పుల సెగకు లక్కను మెత్తబరచి గాజుగా మలిచే కార్మికుడి దగ్గర పది రూపాయలకు గీచిగీచి బేరమాడి, రిసెప్షన్ హాలు అలంకరణకు లక్షలు అప్పుచేయడం విశ్వాసులకు తగునా? కానా పెళ్లిలో ద్రాక్షారసం అయిపోయింది. కానీ పిలిస్తే వచ్చిన ప్రభువు అక్కడున్నాడు గనుక ఆ ఇంటి పరువు నిలిచింది (యోహాను 2:1–11). ఒకరి మాట ఒకరు విని, ఇద్దరూ ప్రార్థించి చేసుకున్న పెళ్లి చిన్నదైనా, అప్పులేని కాపురానికి అదే గట్టి పునాది!