సిరామిక్–లోహ సంధానం: అధిక ఉష్ణోగ్రతల్లో అతుకు నిలిచే తీరు

ఉపోద్ఘాతం

చెరకు పిప్పిని మండించే బాయిలర్ కొలిమికి లోపల అగ్నినిరోధక ఇటుక, వెలుపల ఉక్కు ఉంటాయి. వేడికి ఈ రెండూ ఒకే కొలతలో వ్యాకోచించవు. అందుచేత ఇటుక వరుసల నడుమ వ్యాకోచ సందులు విడుస్తారు. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం నెలకొన్న బోధన్ ప్రాంతానికి ఇది పరిచితమైన సూత్రమే. అయితే జెట్ ఇంజిన్, క్షిపణి భాగాల్లో చాలా చోట్ల అటువంటి సందుకు తావుండదు. అక్కడి అతుకు భారం మోయాలి, వాయువును బయటికి పోనీయరాదు.

సమస్య స్వరూపం

ఒక్కొక్క డిగ్రీ వేడికి సిలికాన్ నైట్రైడ్ తన పొడవులో పది లక్షలకు సుమారు 3 వంతులు, నికెల్ సూపర్ అల్లాయ్ సుమారు 13 వంతులు పెరుగుతాయి. అతికిన తరువాత 700 డిగ్రీల మేర చల్లారితే వాటి మధ్య వ్యత్యాసం 0.7 శాతం, అనగా 25 మి.మీ. పొడవుపై 0.175 మి.మీ. సిలికాన్ నైట్రైడ్ సుమారు 0.2 శాతం సాగుదలకే చిట్లుతుంది. కనుక అతుకుకు తొలి గండం వేడిలో కాదు, చల్లారడంలోనే ఉంది. బంధం దృఢమైనకొద్దీ ఈ వ్యత్యాసభారం సిరామిక్‌పైనే పడుతుంది.

సంధాన విధానాలు

72:28 పాళ్ల వెండి–రాగి మిశ్రమం 780 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, కాని సిరామిక్‌పై పరచుకోదు. దానికి కొద్ది శాతం టైటానియం చేర్చి శూన్య కొలిమిలో వేడిచేస్తే, అల్యూమినాపై ఆక్సైడ్ పొర, సిలికాన్ నైట్రైడ్‌పై నైట్రైడ్ పొర ఏర్పడి బంధం కుదురుతుంది. అయితే ఈ పూరక లోహం మెత్తబడే ఉష్ణోగ్రతే అతుకు వినియోగానికి హద్దు.

చల్లారేటప్పటి ప్రతిబలాన్ని తగ్గించే మార్గాలు మూడు. నికెల్, రాగి వంటి మెత్తని నడిమి పొర తాను వంగి సిరామిక్‌ను కాపాడుతుంది. మాలిబ్డినం, టంగ్‌స్టన్ వంటి అల్పవ్యాకోచ లోహపు పొర వ్యత్యాసాన్ని అంచెలుగా పంచుతుంది. లోహపు కడియం సిరామిక్‌కు వెలుపల ఉండేలా రూపొందిస్తే, చల్లారే లోహం దానిని బిగిస్తుంది. సిరామిక్ సాగుదలకన్నా సంపీడనాన్ని ఎన్నో రెట్లు ఓర్చగలదు. అమెరికా స్పేస్ షటిల్‌లో పెళుసైన సిలికా పలకలను అల్యూమినియం దేహానికి నేరుగా కాక మెత్తని ఫెల్టు మీదుగా అంటించడంలోనూ ఇదే తర్కం ఉంది.

ముగింపు

ప్రత్యేక లోహాలకు 1973లో ఏర్పడిన మిధాని, నవీన సిరామిక్‌లకు బాలాపూర్‌లోని ఎఆర్‌సిఐ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఈ రెండు శాస్త్రాలు కలిసే చోటే అతుకు. గది ఉష్ణోగ్రతలో కొలిచిన కోత బలం ఒక్కటే దాని యోగ్యతను చెప్పజాలదు. పలుమార్లు వేడెక్కి చల్లారిన తరువాత మిగిలిన బలమే పరిశోధకులు నివేదించవలసిన అసలు కొలత.