నర్సు టోపీ, నర్సు గడియారం

ఆస్పత్రిలో నర్సును "సిస్టరు" అని పిలవడం మనకందరికీ అలవాటే. పెద్దవాళ్ళయితే మరికాస్త ఆప్యాయంగా "సిస్టరమ్మా" అంటారు. ఈ పిలుపు ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే ఆమె దుస్తుల కథ సగం తెలిసినట్లే. ఐరోపాలో వందల ఏళ్ళపాటు రోగులకు సేవ చేసినవారిలో ఎక్కువమంది క్రైస్తవ సన్యాసినులు. వారిని సిస్టర్లు అనేవారు. తలమీద ముసుగు, పాదాలదాకా దిగిన అంగీ వారి వేషం. 1836లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్ అనే ఊళ్ళో ఫ్లీడ్నర్ అనే పాదిరీ, ఆయన భార్య కలిసి సేవికల శిక్షణాలయం ఒకటి పెట్టారు. అక్కడివారు సన్యాసినులు కారు. అయినా అందరికీ ఒకే తీరు దుస్తులు, తలకు తెల్లని టోపీ. ముసుగు కురచబడి టోపీ అయిందన్నమాట.

ఇంగ్లండులో కూలికి వచ్చే నర్సుకు ఆ రోజులలో ఏమంత మంచిపేరు లేదు. డికెన్సు తన "మార్టిన్ చజిల్‌విట్" నవలలో సేరీ గ్యాంప్ అనే తాగుబోతు నర్సును సృష్టిస్తే, చదువరులు ఎరిగిన మనిషిని చూసినట్లే నవ్వుకున్నారు. మర్యాదగల ఇంటివారు పిల్లను ఆ పనికి పంపేవారు కారు. మన ఇళ్ళలో కూడా నిన్నమొన్నటిదాకా ఈ సంకోచం ఉండేదన్నది దాచవలసిన విషయమేమీ కాదు.

1854లో క్రిమియా యుద్ధం సాగుతోంది. ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది స్త్రీలను వెంటబెట్టుకుని టర్కీలోని స్కుటారీకి బయలుదేరింది. సన్యాసినులు తమ వేషంలోనే వెళ్ళారు. ఆస్పత్రులనుంచి జీతానికి కుదిరిన 14 మందికి మాత్రం బూడిదరంగు గౌను, ఉన్ని జాకెట్టు, తెల్లటోపీ ఇచ్చారు. భుజాలమీద గోధుమరంగు గుడ్డపట్టీ, దానిమీద ఎర్రదారంతో కుట్టిన "స్కుటారీ హాస్పిటల్" అన్న అక్షరాలు. కొలతలు తీసే వ్యవధి లేకపోవడంచేత పొట్టివారికి పొడుగు గౌన్లు, పొడుగువారికి పొట్టి గౌన్లు వచ్చాయి! చూడడానికి వికారంగానే ఉండేవట. కాని ఒకనాడు వీధిలో ఒక సిపాయి కొత్తగా వచ్చిన నర్సుమీద చెయ్యి వేస్తే, ఆమె నైటింగేల్ గారి మనిషి, వదిలెయ్యమని అతని తోటివాడే మందలించాడని చెబుతారు. ఆ గుడ్డపట్టీ అంత పని చేసింది. రోగక్రిముల సంగతి అప్పటికి ఇంకా తేలలేదు. లిస్టరు తన కార్బాలిక్ ఆమ్లపు పద్ధతిని ప్రకటించింది 1867లో. కాబట్టి నర్సు దుస్తులు మొదట పుట్టింది శుభ్రతకంటే ఆడపిల్ల పరువుకోసమే అనుకోవాలి.

అమెరికాలో చిక్కు మరొక రకం. న్యూయార్కు బెల్‌వ్యూ ఆస్పత్రిలో 1873లో నర్సుల పాఠశాల తెరిచారు. దుస్తుల నియమం పెడదామంటే, అది పనిమనుషుల వేషంలాగా ఉంటుందని విద్యార్థినులు ఒప్పుకోలేదు. అప్పుడు యుఫీమియా వాన్ రెన్సలేర్ అనే పెద్దింటి పిల్ల రెండురోజులు సెలవు పుచ్చుకుని వెళ్ళి, నీలం తెలుపు చారల గౌను, తెల్ల ఏప్రను, కాలరు, కఫ్ఫులు, టోపీ తొడుక్కుని తిరిగివచ్చింది. అంతే, మిగతావారందరూ అవే కావాలన్నారు. ఇది 1876 నాటి మాట. చీరెల విషయంలో మన పేరంటాళ్ళు చేసేది ఇంతకంటే భిన్నమా?

ఇక పరికరాలు. పాతకాలపు అత్తగార్లు తాళాలగుత్తి మొలకు దోపుకున్నట్లు, ఆ నర్సులు బెల్టుకు గొలుసులు వేలాడదీసి కత్తెర, పెన్సిలు తగిలించుకునేవారు. జ్వరం చూసే కడ్డీ మొదట్లో అడుగు పొడవుండేది, లెక్క తేలడానికి 20 నిమిషాలు పట్టేది. 1866, 67 ప్రాంతంలో ఆల్‌బట్ అనే ఇంగ్లీషు డాక్టరు దాన్ని ఆరంగుళాలకు, అయిదు నిమిషాలకు దించాడు. అలా దించాకనే అది నర్సు జేబులోకి ఎక్కగలిగింది.

అన్నిటికంటె ముచ్చటైనది రొమ్ముమీద పిన్నుతో తగిలించే గడియారం. అది తలకిందులుగా వేలాడుతుంది. ఎదుటివారికి తప్పుగా కనిపించినా, తలవంచి చూసుకునే నర్సుకు సరిగానే కనిపిస్తుంది. ఒక చెయ్యి రోగి నాడిమీద ఉంటుంది, రెండవ చెయ్యి ఖాళీ. నాడి లెక్కకు సెకన్ల ముల్లు తప్పనిసరి. ఫ్లాయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1707లోనే సరిగ్గా ఒక నిమిషం నడిచే నాడి గడియారం గురించి పుస్తకం రాశాడు.

గంజిపెట్టిన టోపీ రానురాను చిన్నదై, జుట్టును కప్పడం మాని జుట్టుమీద కూర్చోవడం నేర్చింది. తెరలకు, గొట్టాలకు తగులుకుని జారిపడేది. మగవారు కూడా ఈ వృత్తిలోకి ఎక్కువగా రాసాగారు. వారి తలమీద దాన్ని ఎలా నిలబెడతారు? 1970 తరువాత చాలా దేశాలలో అది వెనకబడింది. మన దేశంలో తెల్లచీరకు బదులు అనేక ఆస్పత్రులలో చుడీదారు, ప్యాంటు వచ్చాయి. నడుము వంచి రోగిని లేవనెత్తే మనిషికి అవే సుఖం.

మోచేతి కింద చొక్కా చేతులు గాని, చేతి గడియారం గాని ఉండరాదని 2007లో ఇంగ్లండు ఆరోగ్యశాఖ ప్రకటించింది. చేతులు బాగా కడుక్కోవడానికి అవి అడ్డమని కారణం. దానితో రొమ్ముమీది గడియారానికి మళ్ళీ పని తగిలింది. ఇప్పుడవి మెత్తని సిలికాన్ తొడుగులతో కూడా వస్తున్నాయి. తొడుగు ఊడదీసి కడిగి, మళ్ళీ తొడిగి పిన్ను పెట్టుకోవచ్చు.