పేరు చెబితే ఇల్లు చూపేదెవరు?

మంగళగిరిలో మా వీధికి కొత్తవాళ్ళెవరైనా వచ్చి డోర్ నంబరు చెబితే ఇల్లు చూపించేవాళ్ళుండరు. "ఫలానా మాస్టారి గారిల్లు" అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా గుమ్మం దాకా తెచ్చి వదులుతారు. ఇంటర్నెట్ వ్యవహారం దీనికి సరిగ్గా తలకిందులు. కంప్యూటర్లకు తెలిసింది నంబర్లే. పేర్లు మన సౌకర్యం కోసం. మనం పేరు చెబితే దాని నంబరు వెతికి చెప్పేదాన్ని నేమ్ సర్వర్ అంటారు. అది పలక్కపోతే ఏమవుతుందో ఆమధ్య మా ఇంట్లోనే చూశాను.

మాది మగ్గాల ఇల్లు. రౌటరు ముందు హాల్లో ఉంటుంది, మగ్గాల గది పెరటివైపు. మా తమ్ముడికి ఆ రోజు ఈఏపీసెట్ కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరి రోజు. సాయంత్రం వాడి ఫోనులో సైటు తెరుచుకోలేదు. హాల్లో నాన్నగారి ఫోనులో మాత్రం వార్తలు హాయిగా వస్తున్నయ్! "సైటు పడిపోయినట్టుంది అన్నయ్యా, పొద్దున చూద్దాంలే" అన్నాడు వాడు. పొద్దున్నకి గడువు ఉండదు గదా! నేనేమో లైను ఇచ్చినవాళ్ళను తిట్టుకున్నాను. ఇద్దరమూ పొరబడ్డాం.

నంబరు చీటీ ఎవరిస్తారు?

ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ రోజుల్లో కంప్యూటర్ల పేర్లూ నంబర్లూ అన్నీ ఒకే జాబితాలో ఉండేవి. దాన్ని అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థవాళ్ళు రాసి ఉంచితే, తక్కినవాళ్ళు నకలు తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగేసరికి ఆ జాబితా మొయ్యలేని బరువైంది. 1983లో పాల్ మోకపెట్రిస్ ఆ భారాన్ని అనేక సర్వర్లకు పంచే పద్ధతిని రూపొందించారు. దాని పేరే డీఎన్‌ఎస్.

మరి ఏ నేమ్ సర్వర్‌ను అడగాలో మన ఫోనుకు ఎవరు చెప్తారు? దీనికి 1993లో వచ్చిన ఏర్పాటు డీహెచ్‌సీపీ. హాస్టల్లో చేరిన మొదటి రోజు గుర్తు తెచ్చుకోండి. వార్డెన్ గారు ఒక చీటీ ఇస్తారు: నీ గది నంబరు ఇది, బయటికి వెళ్ళే గేటు ఇది, ఏదన్నా తెలియకపోతే ఫలానావారిని అడుగు. ఇంట్లో ఈ వార్డెన్ పని రౌటరు చేస్తుంది. వైఫైలో చేరగానే ఫోను "నాకో నంబరు ఎవరిస్తారు?" అని కేకేస్తుంది. ముందుగా పలికినవాళ్ళ చీటీనే సాధారణంగా పుచ్చుకుంటుంది. ఆ చీటీకి గడువు కూడా ఉంటుంది; గడువు తీరేలోగా దాన్ని పొడిగించుకోవాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఒకే హాస్టల్లో ఇద్దరు వార్డెన్లుంటే?

వెతికే వరస

గాభరాపడి రౌటరు ఆపి వెయ్యడం మనందరికీ అలవాటు. దానివల్ల ఒక్కోసారి పని జరుగుతుంది గానీ కారణం తెలియదు. అంచేత వరసగా అడుగుదాం. విండోస్ కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. కింది ఆదేశాలు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

మొదటిది: లైను ఉందా? పింగ్ అని కొట్టి 8.8.8.8 అని ఇవ్వండి. ఇది గూగుల్‌వాళ్ళ బహిరంగ నేమ్ సర్వర్ నంబరు. జవాబొస్తే లైను బాగానే ఉన్నట్టు.

రెండోది: పేరు పలుకుతోందా? ఎన్‌ఎస్‌లుకప్ అని కొట్టి ఏదైనా సైటు పేరు ఇవ్వండి. ఏ సర్వర్‌ను అడిగిందో పైనే చూపిస్తుంది. నంబరు పలికి పేరు పలక్కపోతే జబ్బు నేమ్ సర్వర్ దగ్గర ఉన్నట్టే.

మూడోది: చీటీ ఎవరిచ్చారు? ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొడితే డీహెచ్‌సీపీ సర్వర్, డీఎన్‌ఎస్ సర్వర్ అనే వరసలు కనిపిస్తయ్. మీ నంబరు 169.254తో మొదలైతే అసలు చీటీ ఇచ్చినవాళ్ళే లేరు, కంప్యూటరే సొంతంగా ఓ నంబరు పెట్టుకుందని అర్థం.

ఆండ్రాయిడ్ ఫోను అయితే సెట్టింగుల్లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ కూడా చూడాలి. ఎప్పుడో ఎవరో చెప్పారని అక్కడ ఒక పేరు రాసి మర్చిపోతాం. ఆ సర్వర్ అందకపోతే మనం నిందించేది ఇంటి వైఫైని!

దొంగ ఎవరు?

మగ్గాల గదిలో నా లాప్‌టాప్ పెట్టి చూశాను. 8.8.8.8 వెంటనే పలికింది. పేర్లు మాత్రం ఒక్కటీ పలకలేదు. చీటీ ఇచ్చింది 192.168.1.2 అని ఉంది. మా హాల్లోని రౌటరు 192.168.1.1. మరి ఈ రెండోవారెవరు?

నేనే! వైఫై మగ్గాల దాకా అందడం లేదని వారం క్రితం పాత రౌటరొకటి అటకమీంచి దింపి, తీగ లాగి అక్కడ పెట్టాను. గేటుగా పెద్ద రౌటరు నంబరే రాశాను, బాగుంది. నేమ్ సర్వర్ గడి ఖాళీగా వదిలేశాను. ఖాళీగా ఉంటే ఆ రౌటరు తన నంబరే రాసి ఇస్తుంది. అడగబోతే దానికి తెలిసిందేమీ లేదు. దాని చీటీ అందినవాళ్ళకు దారి ఉంది, పేర్లు లేవు. పెద్ద రౌటరు చీటీ అందిన నాన్నగారికి అన్నీ ఉన్నయ్. ముందే అడిగి గుర్తుంచుకున్న పేర్లు కాసేపు పనిచేస్తయ్ కాబట్టి ఈ తేడా మరింత తికమక పెట్టింది.

పాత రౌటరులో డీహెచ్‌సీపీ ఆపేశాను. ఐపీకాన్ఫిగ్ /రిలీజ్, తర్వాత /రెన్యూ, చివర /ఫ్లష్‌డీఎన్‌ఎస్ కొట్టాను. తమ్ముడి ఫోను వైఫైనించి తీసి మళ్ళీ కలిపాం. సైటు తెరుచుకుంది. అది పడిపోనే లేదు! గడువు లోపలే వాడి ఆప్షన్లు పూర్తయినయ్.

ప్రతి ఫోనులోనూ 8.8.8.8 చేత్తో రాసేస్తే పోయేది గదా అని మీరడగవచ్చు. నిజమే, ఆ పూటకు పోతుంది. కానీ రెండో వార్డెన్ అక్కడే ఉంటాడు.  జ్వరానికి మాత్ర వేసి పుండును వదిలేసినట్టు.

"నెట్ పోయింది" అనేది ఒక్క మాటే గానీ, దాని వెనక మూడు జబ్బులుండొచ్చు: చీటీ అందకపోవడం, దారి లేకపోవడం, పేరు చెప్పేవాళ్ళు లేకపోవడం. ఏదో తేల్చుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలూ ఓపిక పట్టకపోతే మా తమ్ముడికి ఓ ఏడాది పోయేదేమో! ఆ పాత రౌటరు మీద ఇప్పుడో కాగితం అంటించి ఉంది: "దీని డీహెచ్‌సీపీ ఆపి ఉంది. ఎవరూ మార్చొద్దు." రాసింది తమ్ముడే.