రాచపుండు నివారణము – మన సంఘములు చేయదగిన సాయము

రెండేండ్ల క్రిందట దాళ్వా నాట్ల సమయమున, కొల్లేటి యొడ్డుననున్న యొక గ్రామమునకు మేము విత్తనముల పనిమీద పోయియుంటిమి. అచ్చటి సంఘ సభ్యులలో నొక పెద్దరైతు మాతో మాటలాడుచున్నంతసేపు ఎడమచెంప నొత్తుకొనుచుండెను. కారణమడుగగా, "ఏం లేదండి, సున్నం పొక్కిందండి, తగ్గిపోద్దండి" అనెను. నోరు తెఱచి చూపుమని కోరితిమి. బుగ్గలోపల రూపాయి బిళ్ళయంత పుండు, చుట్టును తెల్లని పొర. అది పుట్టి నాలుగు మాసములైనదట. ఆయన బాల్యమునుండి చుట్ట కాల్చువాడు. ఏలూరు ఆసుపత్రిలో చిన్నముక్క తీసి పరీక్షింపగా రాచపుండని తేలినది. ఇప్పటివారు దీనినే క్యాన్సరు అనుచున్నారు.

మేము వైద్యులము కాము. వరికి అగ్గితెగులు తగిలినప్పుడు తొలిమచ్చ కనబడగనే మందు చల్లుడని చెప్పుట మా వృత్తి. చేలోని మచ్చను మఱునాడే గుర్తింపగల ఆ రైతు తన నోటిలోని మచ్చను నాలుగు నెలలు లెక్కచేయడయ్యెను.

జంగారెడ్డిగూడెము, కొయ్యలగూడెము తేలికనేలలలో వర్జీనియా పొగాకు పండుట మనకందఱకు తెలిసినదే. దాని నారుమళ్ళను గూర్చి మేమును ఉపన్యాసము లిచ్చినవారమే గనుక ఈ మాట చెప్పుటకు కొంత సిగ్గుగానే యున్నది: నోటి రాచపుండునకు ముఖ్యకారణము పొగాకే. చుట్ట, బీడీ, సిగరెట్టు, ఖైనీ, గుట్కా అన్నియు నొక్క తెగవే. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో బుగ్గన ఖైనీ పెట్టుకొని బస్తాలు మోయు ముఠావారిని చూచుచునే యున్నాము.

శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరగ్రామములలో చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని కాల్చు ఆచారము స్త్రీలలో హెచ్చు. దీనిని అడ్డపొగ యందురు. ఆ వేడిమియు పొగయు కలిసి అంగిలిని కాల్చును. ఇతరచోట్ల అరుదైన అంగిలి రాచపుండు అచ్చట కనబడుటకు కారణమిదియే. బొంబాయిలోని టాటా ఫండమెంటల్ రిసెర్చి సంస్థ దంతవైద్యులు ఆ గ్రామములలో ఇంటింటికి తిరిగి నోళ్లు పరీక్షించిరి. పిమ్మట 1970 దశకము చివర శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాలలో పొగాకు వాడు 36,000 మందిని ఎన్నుకొని, ఏటేట నోరు చూచుచు, బొమ్మలతోను సినిమాలతోను ముఖాముఖి మాటలతోను మానుడని బోధించిరి. ఫలితములు 1986 నుండి ప్రకటింపబడినవి. అలవాటు మానినవారికి తెల్లమచ్చలు క్రొత్తగా పుట్టుట మిక్కిలి తగ్గినది. ఇందు ఏ మందును ఇయ్యలేదు. అదే గడపకు మరల మరల పోయిరి, అంతియే.

ఈ రోగమునకు చికిత్స దొరకుటలో ధర్మసంస్థల పాలు చాల గలదు. చెల్లెలిని రాచపుండునకు కోల్పోయిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు మహిళాసంఘము తోడ్పాటున చందాలు ప్రోగుచేసి 1954లో మద్రాసు అడయారున 12 పడకలతో క్యాన్సరు ఇన్‌స్టిట్యూటు తెఱపించిరి. ఎన్. టి. రామారావుగారి సతీమణి బసవతారకముగారి పేర హైదరాబాదున 2000లో ప్రారంభమైన ఆసుపత్రికి అమెరికాలోని ప్రవాస వైద్యులు చేయి కలిపిరి.

అయితే ధర్మసంస్థ వచ్చినదని కన్నులు మూసికొనరాదు. 2009లో పాత్ అను అమెరికా సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు, నాటి రాష్ట్ర ప్రభుత్వమును కలిసి ఖమ్మము జిల్లాలో భద్రాచలము మొదలగు మూడు మండలములందు సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార రాచపుండు రాకుండ టీకాలు వేయించిరి. వారిలో పెక్కురు గిరిజన వసతిగృహములలోని పిల్లలు. తల్లిదండ్రులకు మారుగా వార్డెనులు సమ్మతిపత్రములపై సంతకములు చేసినట్లు తరువాత బయటపడినది. కొందఱు బాలికలు మరణించుటతో 2010 ఏప్రిలులో పని నిలిచిపోయెను. మరణములకు టీకా కారణము కాదని విచారణసంఘము చెప్పినను, సమ్మతి తీసికొన్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తీవ్రముగా ఖండించినది. టీకా మంచిదే. పెక్కు దేశములలో వేయుచున్నారు. 2023లో పూనా సీరం ఇన్‌స్టిట్యూటు స్వదేశపు టీకాను విడుదల చేసినది. కన్నవారి నడుగకపోవుటచేత మంచి మందునకు చెడ్డపేరు వచ్చినది. ఆడపిల్లల తల్లులు కొందఱు మాతో ఇప్పటికిని జంకుచునే మాటలాడుచున్నారు.

కావున ఊరికి వచ్చు ధర్మసంస్థకును ప్రభుత్వ వైద్యశాఖకును నడుమ సహకార సంఘము మూడవ భాగస్వామిగా నిలువవలెనని మా అభిప్రాయము. సంఘమువద్ద సభ్యుల జాబితా కలదు. ధాన్యపు కొనుగోలు దినములలో ఊరంతయు దాని అరుగుమీదికే వచ్చును. శిబిరమునకు ముందే సంస్థవారిని సర్వసభ్య సమావేశమునకు పిలిచి, ఏమి పరీక్షింతురు, అనుమానము తేలినవారి నెచటికి పంపుదురు, వ్యయమెవరిది, మరల ఎప్పుడు వత్తురు అని అడిగి జవాబులను మినిట్సు పుస్తకమున వ్రాయింపవలెను. చివరి ప్రశ్నను విడువరాదు. ఫొటోలు తీయించుకొని పోయి తిరిగి రానివారిని మేమెఱుగుదుము. ముప్పదేండ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము పరీక్షించు ఏర్పాటు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో కలదు. రెండు వారములలో మానని నోటిపుండు, తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ, రొమ్మున గడ్డ, ముట్లుడిగిన పిమ్మట రక్తస్రావము, వీనిలో నేది కనబడినను శిబిరముకొఱకు కాచుకొనక వెంటనే పోవలెను.

మన పెద్దరైతునకు శస్త్రచికిత్స యైనది. కిరణచికిత్సకై పట్టణమున ఆఱు వారములు గది అద్దెకు తీసికొని యుండిరి. ప్రాణము దక్కి ఇంటికి వచ్చిన పిమ్మట ఆయన కష్టములు వేఱుగా మొదలైనవి. సంఘమునుండి అప్పు వాయిదా నోటీసు సిద్ధముగా నుండెను. నిబంధన ప్రకారము తప్పు లేదు గాని, మంచముమీదనున్న మనిషికి అది చేరిన తీరు మాకు బాధ కలిగించినది. ఇరుగుపొరుగువారు ఆయన త్రాగిన గ్లాసును వేఱుగా నుంచిరి. రాచపుండు ఒకరినుండి మఱియొకరికి అంటదని మేము ఇంటింట చెప్పవలసివచ్చినది. తుదకు కార్యవర్గము వాయిదాను మఱుపంటకు జరిపినది. ఆ యేటి కోతను మేనల్లుళ్ళు పూర్తిచేసిరి. నోరు ఇప్పుడు రెండు వ్రేళ్ళ వెడల్పే తెఱచుకొనును, మెత్తగా పిసికిన అన్నమే ఆహారము. మూడు నెలలకొకమాఱు ఏలూరు పోయి చూపించుకొనుచున్నాడు.

పోయిన నెల సమావేశమున ప్రక్కన కూర్చున్న కుఱ్ఱవాని బుగ్గ ఉబ్బెత్తుగా నుండుట చూచి, "ఏదిరా అబ్బాయ్, నోరు తెరువు" అని ఆయన అడుగుట మేము వింటిమి.